టిఫిన్ డబ్బాలో అమ్మ గొంతు

పోయిన ఆదివారం, ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా పక్క వాటాలో ఉండే అక్క కొత్తగా కొన్న స్పీకరు చూపిస్తానని నన్ను పిలిచింది. బత్తాయి పండంత ఉంది. తీగ లేదు, తిప్పే మీట లేదు, ఫోన్లో ఏదో నొక్కగానే హాలంతా పాటతో నిండిపోయింది. వచ్చిన నలుగురూ పాట వింటుంటే నేను మాత్రం నాకు తెలియకుండానే చేయి చాచి, దాని వీపు మీద అరచేయి ఆనించి, వేడెక్కిందా లేదా అని చూశాను. "ఏంది, దానికి జరమొచ్చిందా?" అని అక్క అనేసరికి అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. మాట్లాడాల్సిన చోట నవ్వి ఊరుకోవడం, అక్కడ చెప్పలేని మాటలను ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడం నాకు బడి రోజుల నుంచీ ఉన్న అలవాటే. ఆ సాయంత్రం రాయడం మొదలుపెడితే ఒక పేజీతో ఆగలేదు. మీలో నా ఈడు వాళ్లు, పాటల క్యాసెట్లు పోయి మెమరీ కార్డులు వస్తున్న రోజుల్లో డిప్లొమా చదివిన వాళ్లు ఎవరైనా ఉంటే ఇది మీకోసం కూడా.

మాది బొగ్గుబాయి కుటుంబం. కొత్తగూడెంలో రెండు గదుల క్వార్టరు, ముందు మల్లె పందిరి, వెనుక బొగ్గుపొయ్యి. నాయిన భూమి కింద నీళ్లు తోడే పంపుల దగ్గర పనిచేసేవాడు. మా క్వార్టర్ల లైన్లో వరంగల్ నుంచి వచ్చిన వాళ్లూ కరీంనగర్ నుంచి వచ్చిన వాళ్లూ ఉండేవాళ్లు గనుక ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు వంట, ఒక్కో తీరు మాట. ఆ ఆడవాళ్లందరినీ ఒక్కచోట నిలబెట్టింది కోలాటం. శ్రీరామనవమి దగ్గర పడుతుందనగా నెల ముందు నుంచే సాయంత్రాలు పంపు దగ్గరి ఖాళీ జాగాలో ఇరవై మంది చేరి, కర్రలు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఆడేవాళ్లు. నవమి వెళ్లిన నాలుగు రోజులకు అందరూ కలిసి బస్సు మాట్లాడుకుని భద్రాచలం వెళ్లి దర్శనం చేసుకుని, పర్ణశాలలో ఆడి రావడం ఆనవాయితీ.

ఆ ఇరవై మందికీ పాట ఎత్తుకునేది మా అమ్మ. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: కోలాటంలో ముందు ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆట తీరు మారే ప్రతిసారీ, అంటే ఒక కోపు నుంచి ఇంకో కోపులోకి వెళ్లే ప్రతిసారీ, ఎత్తుకునే మనిషి గొంతులోనే ఆ సంగతి ముందుగా తెలుస్తుంది. అది వలయానికి అవతలి కొసన ఉన్న మనిషికి వినపడకపోతే కర్ర కర్రకు తగలదు, వేళ్లకు తగులుతుంది. అమ్మ గొంతు రెండు లైన్ల అవతలికి వినపడేది. ఇంట్లో నెమ్మదిగా ఉండే మనిషి, కర్రలు చేతికొస్తే ఇంకో మనిషి. నాకు ఆమె రంగు వచ్చింది, జుట్టు వచ్చింది, ఆ గొంతు రాలేదు. తరగతిలో హాజరు పలికినా వినపడక రెండుసార్లు పిలిపించుకునే పిల్లను నేను.

నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నప్పుడు అమ్మ గొంతులో కాయ లేచింది. దవాఖానాలో ఆపరేషన్ చేసి తీసేశారు, భయపడాల్సిందేమీ లేదన్నారు. మాట్లాడొచ్చు, మెల్లగా పాడుకోవచ్చు, కానీ గొంతు పెంచి అరవడం మాత్రం ఇక ఈ జన్మకు వద్దన్నాడు డాక్టరు. నాయిన బతికిపోయామనుకున్నాడు. అమ్మ తలూపింది. సంక్రాంతి వెళ్లాక నేను ఇంటికొచ్చేసరికి ఆమె కోలాటం కర్రలు బీరువా మీదికి ఎక్కాయి. ఆటలో ఆమె స్థానం ఎవరికివ్వాలనే మాట కూడా మా వాకిట్లోనే జరిగింది. జట్టులో పెద్దది మా మేనత్త, నాయినకు అక్క, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని ఒక్క మాటా మింగే మనిషి కాదు.

"నీ గొంతుకు డాక్టరు తాళమేసిండు గదా పిల్లా, ఇగ టేపు పెట్టెల పాట వెట్టుకుందం. పక్క కాలనోళ్లు గట్లనే ఆడుతుండ్రు, ఆళ్లకేమన్న కాళ్లు విరిగినయా?" అంది అత్త.

"అవ్ వదినె, గట్లనే కానియ్యుండ్రి," అంది అమ్మ.

అంతే. గొడవ లేదు, కన్నీళ్లు లేవు. కానీ ఆ మధ్యాహ్నం వెనుక అంట్లు తోముతూ ఆమె పెదవులు కదులుతుండడం చూశాను. దగ్గరికి వెళ్లి విన్నాను. చప్పుడు లేదు. పాట మొత్తం, చరణం తర్వాత చరణం, పెదవుల మీదే నడుస్తోంది. నాకు అప్పుడు తట్టిన ఆలోచన గొప్పదేమీ కాదు, మా పుస్తకంలో ఏడో పాఠం. చిన్న చప్పుడును పెద్ద చేసేదే ఆంప్లిఫైయరు. అమ్మ వంటింట్లో పాడుకున్నంత మెల్లగా పాడితే చాలు, ఆ మెల్లని పాట అవతలి కొసన ఉన్న మనిషి చెవికి చేరితే చాలు. నవమికి ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం "అమ్మ పాడాలి" అని రాసి, కింద గీత గీసుకున్నాను.

ఖమ్మంలో పాత బస్టాండు దగ్గరి సందులో రేడియోలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని చాచా అనేవాళ్లు. ఆ దుకాణం ముందు నుంచి మూడు సార్లు నడిచి వెళ్లిపోయి నాలుగోసారి మెట్టెక్కాను. కావలసిన వస్తువుల పేర్లు నోటితో చెప్పలేక చీటీ చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చదివి, "దవాఖానా చీటీ లెక్క రాసినవ్ బేటీ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వెయ్యాల్నా?" అన్నాడు. నేను నవ్వాను. అలా మా స్నేహం మొదలైంది. ఆయన ఇచ్చింది టీడీఏ 2030 అనే చిప్పు. గోరంత నల్లటి బిళ్ల, దానికి ఐదు కాళ్లు, వీపున చిల్లు ఉన్న రేకు. అప్పట్లో ఇంట్లో సౌండు బాక్సులు చేసుకునే ప్రతి ఒక్కరికీ తెలిసిన చిప్పు అది. రెండు కాళ్లకు కరెంటు, ఒక కాలికి పాట లోపలికి, ఒక కాలి నుంచి పెద్దదై బయటికి, మిగిలిన కాలికి రెండు రెసిస్టర్లు. చప్పుడును ఎన్ని రెట్లు పెంచాలో ఆ రెండు రెసిస్టర్లే నిర్ణయిస్తాయి. ఇంత పెద్ద పనిని రెండు జొన్నగింజలంత ముక్కలు నిర్ణయించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించి, వాటి విలువలు మార్చి మార్చి డైరీలో ఎన్ని లెక్కలు వేశానో చెప్పలేను.

కర్రలు పట్టుకుంటే రెండు చేతులూ నిండిపోతాయి గనుక చేతి మైకు పనికిరాదు. పాత టేపు రికార్డరు నుంచి పల్లీ గింజంత మైకు ఊడదీసి, చిన్న స్పాంజి ముక్క తొడిగి, మెడలో వేసుకునేలా నల్లదారానికి కట్టాను. దాని చప్పుడు మరీ సన్నం, నేరుగా చిప్పుకిస్తే చాలదు. అందుకని ముందొక ట్రాన్సిస్టరు పెట్టి కొంత పెంచి ఇచ్చాను. అన్నిటినీ పెట్టడానికి పెట్టె కావాలి, చిప్పు వేడిని లాగడానికి మందపాటి అల్యూమినియం కావాలి. బొగ్గుబాయి ఇంట్లో అల్యూమినియం అంటే ఏముంటుంది? నాయిన టిఫిన్ డబ్బా. పన్నెండేళ్లు బాయిలోకి అన్నం మోసి, సొట్టలు పడి, అంతకు ముందేడే స్టీలు డబ్బా రావడంతో అటకెక్కిన మూడు గిన్నెల డబ్బా. కింది గిన్నెలో ట్రాన్స్‌ఫార్మరు, మధ్య గిన్నెలో బోర్డు, పై గిన్నెలో తీగలు, చాచా దగ్గర కొన్న పాత స్పీకరు మాత్రం డబ్బా బయట. చిప్పును మధ్య గిన్నె గోడకే స్క్రూతో బిగించాను. గుయ్యిమనే రొద రాకుండా ఉండాలంటే పెట్టెను ఎర్తు తీగకు కలపాలని పుస్తకంలో ఉంది కాబట్టి డబ్బాను దానికి కలిపాను. హాస్టల్ సెలవుల్లో, మధ్యాహ్నాలు, నాయిన షిఫ్టుకు వెళ్లాక, అమ్మ నిద్రపోయాక చేసిన పని ఇది. సోల్డరింగ్ పొగ మల్లె పందిరి కిందకి పోయేలా కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

స్విచ్ వేసిన తొలిరోజు టప్పుమని ఒక్క చప్పుడు వచ్చింది. తరువాత వాసన. మూత తీసేసరికి డయోడ్లు నల్లబడి ఉన్నాయి, చిప్పు నడిమికి పగిలి ఉంది. అమ్మ లేచి వచ్చి, "అన్నం మాడినట్టున్నది, చూడవే," అంది. నేను డబ్బా మీద మూత పెట్టి అవునన్నాను. ఆ వారమంతా బోర్డును వంద సార్లు చూశాను, ఒక్క తీగ కూడా తప్పు లేదు. అదే నన్ను భయపెట్టింది. తప్పు కనిపిస్తే దిద్దుకోవచ్చు, అంతా సరిగ్గా ఉండి కూడా కాలిపోతే ఏం చేయాలి?

శనివారం పగిలిన చిప్పును కాగితంలో చుట్టి చాచా దగ్గరికి తీసుకెళ్లాను.

"చంపి తెచ్చినవా బేటీ? ఏం పాపం జేసిందని?" అన్నాడు. టిఫిన్ డబ్బా సంగతి విని ఐదు నిమిషాలు నవ్వి, కళ్లు తుడుచుకుని, కొత్త చిప్పును బల్ల మీద పెట్టి దాని వీపు చూపించాడు. "ఇది ఉత్త రేకు గాదు. ఇది గూడ ఒక కాలే. కాళ్లు ఐదని చదివినవ్, ఆరోది వీపు మీదున్నది."

ఆ రేకు లోపల మైనస్ కరెంటు కాలికి కలిసి ఉంటుందట. చిప్పును డబ్బాకు బిగించడం సరైన పనే, డబ్బాను ఎర్తుకు కలపడం సరైన పనే, రెండూ కలిస్తే మైనస్ పోయి, దానితో కలవకూడని ఎర్తు మీద పడింది. మామూలుగా చెక్క పెట్టెలో చేసుకునేవాళ్లకు ఈ కష్టం రాదు, అన్నం డబ్బాలో చేసుకున్నాను గనుకే వచ్చింది. ఆయన గోరంత అభ్రకం రేకు, స్క్రూకు తొడిగే ప్లాస్టిక్ పూస ఇచ్చి, వేడి పోవాలె, కరెంటు పోవద్దు అన్నాడు. ఆ నాలుగు మాటలు డైరీలో అట్లాగే రాసుకున్నాను. డిప్లొమా మూడేళ్లలో అంత పొట్టి పాఠం నాకెవరూ చెప్పలేదు.

రెండోసారి అది పలికింది. ఇంట్లో ముందు నాయినకు చెప్పాను. ఆయన మైకు దగ్గర నోరు పెట్టి ఏం మాట్లాడాలో తెలియక ఒకసారి దగ్గాడు. ఆ దగ్గు గది మొత్తం మోగేసరికి ఆయన ఉలిక్కిపడి, తన డబ్బాను తానే తేరిపార చూసి, "ఇన్నేండ్లు అన్నం పెట్టింది, ఇయ్యాల మాట గూడ నేర్సింది," అన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మెడలో దారం వేశాను. ఆపరేషన్ మచ్చకు తగలకుండా కొంచెం కిందికి సవరించాను. ఆమె పెదవులు కదిపినంత మెల్లగా ఒక చరణం పాడింది. పక్క క్వార్టరు నుంచి ఎవరో తొంగిచూశారు. అమ్మ నా వైపు కాదు, బీరువా పైకి చూసింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. పంపు దగ్గర ఆటలో పెట్టి చూస్తే అసలు కష్టం బయటపడింది. స్పీకరును వలయానికి బయట, ఓ పక్కన పెట్టాను. అమ్మ తిరుగుతూ దాని ముందుకు రాగానే మైకు ఆ చప్పుడునే మళ్లీ అందుకుని కీచుమని చెవులు పగిలేలా అరిచింది, అవతలికి వెళ్లగానే ఊరుకుంది. ప్రతి చుట్టుకూ ఒక కీచు. పైగా మైకు తీగ కాళ్లకు చుట్టుకుని ఇద్దరు పడబోయారు. అత్త కర్రలు చంకలో పెట్టుకుని తీర్పు చెప్పేసింది. "కోడలా, ఇది పాట పాడుతుందా, ఈల కొడుతుందా? మీ అమ్మను నడుమ ఒక్కకాడ నిలవెట్టి పాడియ్యరాదు?"

"నిలవడి పాడితే అది కోలాటం గాదు వదినె," అంది అమ్మ. ఆపరేషన్ తరువాత ఆమె నోటి నుంచి గట్టిగా వచ్చిన తొలి మాట అది. గట్టిగా అంటే చప్పుడులో కాదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని డైరీలో ఒక వృత్తం గీశాను. బయట చుక్క పెడితే స్పీకరు, వలయం మీద చుక్క పెడితే అమ్మ. అమ్మ కదులుతుంటే రెంటి నడుమ దూరం తగ్గుతోంది, పెరుగుతోంది. అరుపంతా దూరం తగ్గిన చోటే. మరి స్పీకరును కేంద్రంలో పెడితే? వలయంలో ఏ మూల ఉన్నా దూరం ఒక్కటే. ఆకాశం వైపు తిప్పి పెడితే అన్ని దిక్కులకూ సమానంగా వినపడుతుంది. ఒక్కసారి చప్పుడును సరిచేసి పెట్టుకుంటే ఆట అయ్యేదాకా ముట్టుకోనక్కరలేదు. ఇంత చిన్న సంగతి కోలాటమే నాకు నేర్పినట్టయింది. ఇక తీగ. అది ఎక్కడి నుంచి తెచ్చినా కాళ్లకే వస్తుందని తల పట్టుకుని కూర్చుంటే, నా వెనుక నుంచి డైరీలోకి తొంగిచూస్తున్న అత్త మాట వినపడింది.

"జడ కోలాటం ఎన్నడన్న సూసినవా? పైనుంచి తాళ్లు యేలాడుతయి, తిరుగుతాంటే జడ అల్లుకుంటది, ఎనకకు తిరిగితే ఇడిపోతది. నీ తీగ గూడ పైనుంచే రానీ. ఎనిమిది సుట్లు ఇటు, ఎనిమిది సుట్లు అటు. గీ మాత్రం తెల్వదా సదువుకున్న పిల్లకు?"

నాకు తెలియలేదు. ఒప్పుకుంటున్నాను. మరునాడు నాయిన వెదురు బొంగు తెచ్చి, ఇసుక నింపిన నూనె డబ్బాలో పాతాడు. దాని మొదట్లో స్పీకరు పైకి చూస్తూ, పక్కనే టిఫిన్ డబ్బా, దాని కరెంటు తీగ కాళ్లకు తగలకుండా మట్టిలో పూడ్చి, బొంగు కొస నుంచి అమ్మ మెడ వెనుకకు మైకు తీగ. ఎనిమిది చుట్లయ్యాక వెనక్కి తిరిగే కోపు ఎత్తుకునేలా అమ్మ పాటలను అటూ ఇటూ మార్చుకుంది. కీచు లేదు, చిక్కు లేదు. ఆ సాయంత్రం ఎవరూ పెట్టె పాట మాట ఎత్తలేదు.

పర్ణశాలలో మా వంతు మధ్యాహ్నం తరువాత వచ్చింది. గోదావరి మీది నుంచి వేడిగాలి, ఎటు చూసినా యాత్రికులు. మా పక్కనే ఇంకో ఊరి జట్టు కిరాయి సౌండు బాక్సులు మనిషెత్తున నిలబెట్టి ఆడుతోంది. ఆ చప్పుడుకు నేల అదురుతుంటే, నా టిఫిన్ డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుని, సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి. అక్కడి వలంటీరు ఒకాయన వచ్చి డబ్బాను చూసి, "అమ్మా, అన్నాలు అవతల తినుండ్రి, ఇక్కడ ఆట ఉన్నది," అన్నాడు. మావాళ్లు గొల్లుమన్నారు. అది మైకు సెట్టని చెబితే మెకానిక్ ఎవరని అడిగాడు. నేను తీగ సర్దుతూ తల వంచుకున్నాను. "మా కోడలు. ఇంజనీరు," అంది అత్త. కాదు, డిప్లొమా, ఇంకా రెండో ఏడే అని సరిదిద్దాను. ముక్కూ మొహం తెలియని మనిషితో, నన్నెవరూ అడగకుండానే నేను మాట్లాడిన తొలి మాట అదే కావచ్చు.

ఆట మొదలైంది. పక్క బాక్సుల హోరులో మా పాట చూసేవాళ్లకు వినపడలేదు. ఇంత కష్టమూ వృథా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇది చూసేవాళ్ల కోసం చేసింది కాదు. వలయంలో ఇరవై మంది ఉన్నారు, అవతలి కొస మనిషి బొంగుకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, నేను లెక్క వేసింది ఆ ఎనిమిది అడుగులకే. అమ్మ వంటింట్లో పాడినట్టే పాడుతోంది, మెడ నరం కూడా కదలడం లేదు. నాలుగో పాటలో అత్త కాలు గులకరాయి మీద పడి తూలింది. కర్ర జారింది. పక్క జట్టులో అయితే పెట్టె పాట ముందుకు వెళ్లిపోయేది, ఆమె బయటికి రావలసిందే. అమ్మ మాత్రం ఆ చరణం చివరి మాటను వదలకుండా పట్టుకుంది, సాగదీసింది, మళ్లీ అదే మాటను మొదటి నుంచి ఎత్తుకుంది. ఆ మెల్లని సాగు అందరి చెవులకూ చేరింది. పందొమ్మిది మంది అదే అడుగులో నిలిచి ఊగారు. అత్త వంగి కర్ర తీసుకుని, నిలదొక్కుకుని, తల ఊపింది. అప్పుడు అమ్మ తరువాతి చరణంలోకి వెళ్లింది. నలభై కర్రలు ఒక్క దెబ్బగా మోగాయి. ఆ మోత మాత్రం పక్క బాక్సుల మీదుగా అందరికీ వినపడింది, జనం ఇటు తిరిగారు.

గొప్ప చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి, నేనేమీ కాదనను. అంతకు ముందు నాకు మంచి మార్కులు వచ్చాయి, ఆ తరువాత ఉద్యోగం వచ్చింది, ఈ రోజు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. వాటిలో దేని గురించి తలుచుకున్నా ఆ నలభై కర్రల దెబ్బ విన్నప్పటిలా నా వెన్ను నిటారు కాదు. ఆ ఆంప్లిఫైయరు ఐదు నవములు పనిచేసింది. అమ్మ గొంతు చెడలేదు. డాక్టరు ప్రతి ఏడూ చూసి బాగుందనే అన్నాడు.

తరువాత నాయిన రిటైరయ్యాడు, క్వార్టరు అప్పగించాం, జట్టు ఎవరి ఊరికి వాళ్లు చెదిరింది. చాచా దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల అద్దాలు అతికిస్తున్నారు. ఈ ఏడు మా కాలనీలో ఆడవాళ్లు కోలాటం మొదలుపెట్టారు. అందరివీ ఒకే రంగు చీరలు, నడుమ కుర్చీ మీద తీగ లేని స్పీకరు, చక్కటి గొంతుతో ఎక్కడో ఎవరో పాడిన పాట. మొన్న నా దగ్గరికి వచ్చిన అమ్మను చూడడానికి తీసుకెళ్లాను. ఒక పెద్దావిడ మోకాలు పట్టేసి ఒక అడుగు వెనుకబడింది. పాట సాగిపోయింది, ఆమె రెండు చుట్లు కలవడానికి చూసి, కలవలేక, నవ్వుతూ పక్కకొచ్చి కూర్చుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు.

తిరిగి వస్తుంటే ఎలా ఉందని అమ్మను అడిగాను. "పాట మంచిగున్నది బిడ్డా," అంది. కొంచెం దూరం నడిచాక మెల్లగా, "కానీ అది ఎవ్వల కోసం ఆగుతలేదు," అంది.